ఎమోజీయా, స్టికరా?

మొన్న జూన్‌లో అనంతపురం దగ్గరి మా ఊరి నుంచి నాన్న పంపిన సందేశంలో మూడే ఎమోజీ బొమ్మలు: వాన కురుస్తున్న మబ్బు, వేరుశనగ కాయలు, దండం పెడుతున్న చేతులు. ఒక్క ముక్క రాయలేదు. అదనుకు వాన పడిందని, విత్తనం వేశారని, దేవుడి దయ అనుకుంటున్నారని నాకు మొత్తం తెలిసిపోయింది. అదే రోజు అక్క ఒక స్టికర్ పంపింది, గొడుగు కింద గంతులేస్తున్న పాప. ముచ్చటగానే ఉంది కానీ అందులో మా చేను లేదు.

తేడా పుట్టుకలోనే ఉంది. జపాను భాషలో ‘ఎ’ అంటే బొమ్మ, ‘మోజి’ అంటే అక్షరం. కంప్యూటర్లలో, ఫోన్లలో అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో 2010లో చేరాక ఎమోజీ నిజంగానే అక్షరమైంది. మన ‘అ’కు ఉన్నట్టే దానికీ ఒక సంకేత సంఖ్య ఉంది. అందుకే వాక్యం మధ్యలో చక్కగా ఇముడుతుంది. సిగ్నల్ అంతంత మాత్రంగా ఉండే చేనుగట్టు మీద నుంచి కూడా చటుక్కున వెళ్తుంది. 2018లో వాట్సాప్‌లోకి వచ్చిన స్టికర్ మాత్రం పూర్తి బొమ్మ ఫైలు, విడిగానే కూర్చుంటుంది.

పండగ రోజు నా ఓటు స్టికర్‌కే. ఉగాది పచ్చడికి ఎమోజీ లేదు మరి! స్టికర్ మీద తెలుగులో రాసుకోవచ్చు, ఇంట్లో పాప నవ్వునే స్టికర్‌గా మలుచుకోవచ్చు.

మిగతా రోజులన్నీ ఎమోజీవే. చదువు రాని మా అవ్వ కూడా దండం బొమ్మను వెతికి నొక్కుతుంది. పొద్దున్నే ఆ దండం వచ్చాకే నేను పనికి బయలుదేరతాను.