పిల్లలకి ఆయాసం, గుండె దడ: ఆగి చూడటమా, డాక్టరు దగ్గరికి వెళ్లటమా, ఏది మేలు?

డిసెంబరులో ఒక ఆదివారం హాస్టల్ నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. ఇంటర్ రెండో ఏడు. "అమ్మా, నాలుగో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వచ్చేస్తోంది. గుండె గొంతులో కొట్టుకుంటున్నట్టుంది" అంది. ఆ రాత్రి తలా ఒక మాట చెప్పారు. "ఎదిగే పిల్ల, రక్తం తక్కువై ఉంటుంది, బీట్‌రూట్ రసం ఇవ్వండి" అన్నారు అత్తయ్యగారు. "రెండు నెలల్లో పరీక్షలు, అవి కానివ్వు" అన్నారు మావారు. ఆర్‌ఎంపీ గారి చేత ఒక సెలైన్ పెట్టిస్తే తేరుకుంటుందని పక్కింటావిడ. మా తమ్ముడైతే "గుండె విషయం అక్కా, నేరుగా హైదరాబాద్ తీసుకొచ్చెయ్" అన్నాడు. అందరూ ప్రేమతో చెప్పినవే. వాటిలో ఏది మేలో తేల్చుకోవడానికి నాకు వారం పట్టింది. ఆ వారంలో, ఆ తర్వాత డాక్టర్లని అడిగి తెలుసుకున్నది ఇలాంటి ఫోను వచ్చిన ఇంకో ఇంటికి పనికొస్తుందని రాస్తున్నాను.

ఈ దారుల్ని పోల్చేముందు పిల్లల్ని అడగాల్సింది ఒకటుంది: "ఏం చేస్తుండగా వచ్చింది?" ఎండలో చాలాసేపు నిలబడి కళ్లు బైర్లు కమ్మి కూలబడటం వేరు. పరిగెడుతూ, ఆడుతూ, ఆ ఊపు మధ్యలోనే స్పృహ తప్పి పడిపోవడం వేరు. మొదటిది ఎక్కువగా బీపీ ఒక్కసారి పడిపోవడం వల్ల. రెండోది గుండె కండరం మందంగా ఉండటానికో, గుండె కొట్టుకునే లయలో లోపానికో గుర్తు కావచ్చు. అలా ఒక్కసారి జరిగినా, మళ్లీ లేచి మామూలుగా తిరుగుతున్నా, గుండె డాక్టరు చూసేదాకా ఆటలు ఆపించాలి. ఇంట్లో, దగ్గరి చుట్టాల్లో ఎవరైనా చిన్న వయసులోనే ఉన్నట్టుండి చనిపోయి ఉంటే ఆ మాటా చెప్పాలి. మన ఇళ్లలో అలాంటి చావుల గురించి పిల్లల ముందు మాట్లాడరు. డాక్టరు ముందు మాత్రం మాట్లాడక తప్పదు.

అసలు పోలికకే తావు లేని సందర్భాలు కొన్ని: ఒక వాక్యం పూర్తిగా పలకలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారటం, దడతోపాటు ఛాతీలో నొప్పి లేదా స్పృహ తప్పడం, ఒకపక్క ఛాతీలో పొడిచినట్టు నొప్పి వచ్చి ఊపిరి అందకపోవడం. ఈ చివరిది పొడుగ్గా, సన్నగా ఉండే అబ్బాయిల్లో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం వల్ల వస్తుంటుంది. విపరీతమైన దాహం, బరువు తగ్గడం, వాంతులు, వాటితోపాటు లోతుగా వేగంగా ఊపిరి తీయడం కనిపిస్తే అది షుగరు ముదిరిన స్థితి కావచ్చు. వీటిలో ఏదున్నా 108కి ఫోను చేయాలి. పది నిమిషాలు కుదురుగా కూర్చున్నాక కూడా నాడి నిమిషానికి 120 దాటుతుంటే, జ్వరం తగ్గిన కొద్ది రోజుల్లోనే కొత్తగా ఆయాసం మొదలైతే, తెల్లారేదాకా చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ వయసులో కూర్చున్నప్పుడు నాడి 60 నుంచి 100 మధ్య ఉండటం మామూలు.

ఇవేవీ లేనప్పుడే ఆగడమా, వెళ్లడమా అన్న ప్రశ్న వస్తుంది.

ఆగడం అన్నివేళలా తప్పు కాదు. ఏడాదిపాటు కదలకుండా చదివిన పిల్ల ఒక్కసారి పరిగెడితే ఆయాసపడుతుంది, కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. రాత్రి మేలుకోవడానికి కాఫీలు, ఎనర్జీ డ్రింకులు తాగే పిల్లలకి దడ రావడంలో వింత లేదు. మన దేశంలో లీటరుకి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండే డ్రింకులకి అనుమతి ఉంది. పిల్లలకి తగదని ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది, ఆ అక్షరాలు చదివేవాళ్లే తక్కువ. అవి మానిపించి, నిద్ర సరిచేసి, ఒక వారం చూడొచ్చు. వారమే. "పరీక్షలయ్యాక" అనే మాటే నాకు భయం. మెట్లెక్కితే వచ్చే ఆయాసం నెలల తరబడి మోసిన పిల్ల దానికి అలవాటు పడిపోతుంది, చెప్పడం మానేస్తుంది.

అలా మరుగున పడేవాటిలో రక్తహీనతదే పెద్ద వాటా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి, మగపిల్లల్లో 31 మందికి రక్తహీనత ఉంది. ప్రాణవాయువు మోసే హిమోగ్లోబిన్ తగ్గినప్పుడు, ఉన్న కొంచెంతోనే ఒళ్లంతటికీ సరిపెట్టాలని గుండె వేగం పెంచుతుంది. ఆ వేగమే దడ. పాలిపోయిన కనురెప్పలు, ఊరికే అలసట, బియ్యమో బలపాలో తినాలనిపించడం దానికి గుర్తులు. మా అత్తయ్యగారి అంచనా ఒప్పే, మందే చాలదు. బీట్‌రూట్ ఎర్రగా ఉన్నా అందులో ఐరన్ కొంచెమే. బడుల్లో వారానికొకటి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర కూడా రక్తం తగ్గకుండా కాపాడేది. ఇప్పటికే తగ్గినవాళ్లకి డాక్టరు చెప్పిన మోతాదులో వేరే మాత్రలు కావాలి.

సెలైన్ గురించి ఎక్కువ చెప్పను. అది ఉప్పునీరు, అందులో రక్తమూ లేదు, ఐరనూ లేదు. గుండె కవాటం చెడిన పిల్లకైతే ఆ నీరు ఆయాసాన్ని పెంచుతుంది కూడా.

ఇక మా తమ్ముడి మాట. ఆటలో పడిపోయినా, చుట్టాల్లో చిన్న వయసు చావులున్నా, చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత కీళ్లు వాచి జ్వరం వచ్చి ఉన్నా, నేరుగా గుండె డాక్టరు దగ్గరికి వెళ్లడమే సరి. ఆ కీళ్ల జ్వరం గుండె కవాటాల్ని దెబ్బతీస్తుంది, ఏళ్ల తర్వాత ఆయాసంగా బయటపడుతుంది. మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ పడితే ఆ జ్వరం మళ్లీ రాకుండా, కవాటం ఇంకా చెడిపోకుండా ఆపొచ్చు. మిగతా పిల్లలకి నేరుగా పెద్దాసుపత్రికి పోతే జరిగేది ఏమిటంటే, టూడీ ఎకో అనే గుండె స్కానింగ్ తీస్తారు, గుండె బాగుందంటారు, ఇంటికొచ్చేస్తారు. ఆయాసం మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే అది గుండెది కాదు. పరుగు ఆపిన కొద్ది నిమిషాలకి దగ్గు, పిల్లికూతలు వస్తే ఆస్తమా. చేతులు వణుకుతూ, తిన్నా బరువు తగ్గుతుంటే థైరాయిడ్. ఎకో ఈ రెంటినీ చూపించదు.

అందుకే చాలామందికి మొదటి మెట్టుగా పిల్లల డాక్టరు గానీ ఎండీ జనరల్ ఫిజీషియన్ గానీ మేలని నా నమ్మకం. ఏరియా ఆసుపత్రైనా చాలు. నాడి, బీపీ చూసి, గుండె, ఊపిరితిత్తుల చప్పుడు విని, రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష రాసి, ఈసీజీ తీయిస్తారు. ఈసీజీ పది నిమిషాల పని. పైకి పంపాల్సిన అవసరముంటే అక్కడే తేలుతుంది.

ఒక్క చిక్కుంది. కూర్చుని ఉండగానే దడ, చేతివేళ్లు తిమ్మిర్లు, చచ్చిపోతానేమోనన్న భయం ముంచుకొచ్చి, పది నిమిషాల్లో ముదిరి, మెల్లగా తగ్గిపోతే అది ఎక్కువగా పానిక్ అటాక్. దాన్ని నాటకం అనకండి, పిల్ల పడే బాధ నిజం. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు. కానీ స్విచ్ వేసినట్టు దడ మొదలై, లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుని, స్విచ్ తీసినట్టే ఆగిపోతుంటే అది గుండెలోని విద్యుత్ దారిలో లోపం కావచ్చు. దీన్నే "టెన్షన్" అని తోసేస్తుంటారు. దడ లేనప్పుడు తీసిన ఈసీజీలో అది కనిపించకపోవచ్చు కాబట్టి, దడ ఉండగానే దగ్గరి ఆసుపత్రికి వెళ్లి తీయించాలి. అది కుదరకపోతే మణికట్టు దగ్గర 30 సెకన్లు నాడి లెక్కపెట్టి, దాన్ని రెట్టింపు చేసి, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో రాసిపెట్టండి. డాక్టరుకి ఆ కాగితం చాలా పనికొస్తుంది.

ఇంకో మాట తల్లిగా చెప్తున్నాను. డాక్టరు గదిలో పిల్లని కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి. సిగరెట్టో, ఈ-సిగరెట్టో, రాని నిద్రో మన ముందు చెప్పరు. మా అమ్మాయికి నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులు సాగుతోందని నేను బయట కూర్చున్నాకే చెప్పింది. ఈసీజీ బాగుంది. హిమోగ్లోబిన్ 8.2. ఆ వయసుకి 12 ఉండాలి. "ఎన్నాళ్లనుంచమ్మా ఆయాసం?" అని డాక్టరు గారు అడిగితే, "దసరా సెలవులకి ఇంటికొచ్చినప్పుడే ఉందండీ, మాది మేడ లేని ఇల్లు, తెలియలేదు" అందట.

ఐరన్ మాత్రలు రాశారు. టీతో వేసుకోవద్దన్నారు, నిమ్మరసంతో వేసుకోమన్నారు, హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా మూడు నెలలు మానొద్దన్నారు. నెలసరికి లేడీ డాక్టరు వేరే మందిచ్చారు. నెలకి మళ్లీ పరీక్ష చేయిస్తే 10.1 వచ్చింది. ప్రాక్టికల్స్ ముందు ఫోను చేసి, నాలుగో అంతస్తు మధ్యలో ఆగకుండా ఎక్కానని చెప్పింది. మాత్రలు ఇంకా వేసుకుంటూనే ఉంది.