వినడమా, చూడడమా: దూరదేశాల కళకి ఏ దారి మేలు?

నరసాపురంలో మా అమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద లేసు అల్లుతూ కూర్చుంటుంది. కళ్లు క్రోషియా సూది మీద ఉంటాయి, చెవులు ఖాళీ. పొద్దున్న పాడ్‌కాస్టులో విన్న కళాచరిత్రని నేను తెలుగులో చెప్తుంటాను. ఆఫ్రికా, జపాన్, ఇరాన్ కళ, బడిలో మనకెవరూ చెప్పనిది.

యూట్యూబులో బొమ్మలతో సహా దొరుకుతుంది కదా అంటుంది చెల్లి. నేనూ మొదట వీడియోలే చూశాను. కానీ ఫోన్లో ప్రతి బొమ్మా అరచేతి సైజే. 1831 ప్రాంతంలో జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన ‘పెద్ద కెరటం’ బొమ్మ గోడంత ఉంటుందనుకున్నాను. అది జానెడుకి కాస్త పైన ఎత్తు, మూరెడు కూడా లేని వెడల్పు ఉన్న చెక్క అచ్చు బొమ్మని పాడ్‌కాస్టు విన్నాకే తెలిసింది. వినేవాడికి బొమ్మ కనపడదు కాబట్టి కొలత, సరుకు, చేసే పద్ధతి అన్నీ విడమరిచి చెప్పాల్సిందే. ఆ కెరటం నీలం మాత్రం మాటల్లో పట్టదు, అది ఒప్పుకోవాలి.

కళ్లెదుట చూడగలిగితే దానికి సాటి లేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది, మనకి బస్సు దూరం. 1925లో ఇరవై ఎనిమిదేళ్లైనా నిండకుండా మశూచితో పోయిన మనిషి వేసిన బొమ్మల ముందు నిలబడితే ఏ పాడ్‌కాస్టూ అక్కర్లేదు. ఆయన పుట్టిన 1897లోనే బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలో ఉన్న బెనిన్ రాజ్యం నుంచి ఇత్తడి ఫలకాలు దోచుకుపోయింది. వాటిని చూడ్డానికి లండనో నైజీరియానో మనమెక్కడ వెళ్తాం?

అందుకే దగ్గరున్నది వెళ్లి చూడాలి, దూరానిది ముందు వినాలి. ఆ బెనిన్ ఫలకాల కోసం మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారని చెప్తుంటే అమ్మ సూది ఆపింది. "మన పంచలోహ విగ్రహాలూ అలాగే పోస్తార్రా" అంది. తర్వాత మ్యూజియం సైటులో ఒక ఫలకం ఫొటో తెరిచి ఇచ్చాను. సైనికుడి బొమ్మని వదిలేసి వెనకాల చెక్కిన నాలుగు రేకుల్ని పెద్దవి చేసింది. అవి నదిలో పెరిగే ఆకులని, నీటి దేవుడు ఒలొకున్‌కి గుర్తని చెప్పాను. "ఈ రేకు లేసులో దించొచ్చు" అని కొత్త దారపు ఉండ తీసింది.