ఊరి రాజకీయం వాదించుకోడానికి వాట్సాప్ గ్రూపు ఎంతవరకు పనికొస్తుంది?

కావలి నుంచి కనిగిరి దాకా ఏ ఊరికైనా ఓ వాట్సాప్ గ్రూపు ఉంటుంది. పెట్టేది వీధి లైట్ల కోసం, నీళ్ల ట్యాంకర్ కోసం. నెల తిరిగేసరికి నడిచేది మాత్రం పార్టీల గొడవ మీదే. కాబట్టి రాజకీయాలు, రోజువారీ వ్యవహారాలు వాదించుకునే చోటుగా వాట్సాప్ ఎలా ఉందో చూద్దాం. పోలికకి పక్కన టెలిగ్రామ్‌ని పెట్టుకుందాం. మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం: కబురు పాకించడంలో వాట్సాప్‌కి ఎదురు లేదు, వాదన తేల్చడంలో దానంత చేతగానిది లేదు. ఐదు మార్కులకి రెండున్నర. అడ్మిన్ కాస్త లెక్క తెలిసినవాడైతే మూడున్నర దాకా లాగొచ్చు.

అసలు ఇబ్బంది దాని కట్టుబడిలోనే ఉంది. గ్రూపులో 1,024 మంది దాకా పడతారు, అందరి మాటలూ ఒకే వరసలో వస్తాయి. పొద్దున ధాన్యం ధర మీద మొదలైన వాదన మధ్యాహ్నానికి పుట్టినరోజు దండాల కింద పూడిపోతుంది. సాయంత్రం ఫోన్ తీసినవాడు ఆఖరి నాలుగు మెసేజీలు చూసి మళ్లీ మొదట్నుంచి అందుకుంటాడు. దీనికి ఉన్న మందు రెండే. ఒకటి, ఎవరి మాటకి జవాబిస్తున్నారో ఆ మెసేజ్‌ని కుడివైపుకి లాగి దాని కిందే రాయడం. రెండు, వాదనకి మూలమైన మెసేజ్‌ని పిన్ చేయడం. ఒకేసారి మూడు పిన్ చేయొచ్చు. 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని మూడు గడువులుంటాయి. వారం పెట్టండి. అంతకంటే ఎక్కువ రోజులు సాగే వాదన తేలేది కాదు.

మెసేజ్ పంపిన 15 నిమిషాల్లోపు దాన్ని మార్చుకోవచ్చు, 'ఎడిటెడ్' అని చిన్న అక్షరాలు పడతాయి, ఏం మార్చారో మాత్రం కనపడదు. రెండు రోజులు దాటినా కొన్ని గంటల వరకు అందరి ఫోన్లలోంచీ తీసేయొచ్చు. అంటే ఓడిపోయినవాడు అంకె మార్చేసి 'నేనట్టా ఎప్పుడన్నానబ్బా' అనే వీలుంది. అందుకని ఎదుటివాడు చెప్పిన అంకెని, ఊరిపేరుని మీ జవాబులో మళ్లీ రాయండి. 'మీరు 16 వేలన్నారు, ఆ 16 వేలు ఎన్ని కేజీలకి?' అని. ఈ ఒక్క అలవాటుతో సగం గొడవలు అక్కడే ఆగుతాయి.

ఆ 16 వేల సంగతి కాస్త వివరంగా చూడాలి, మన నెల్లూరు, ఒంగోలు వైపు గ్రూపుల్లో ఎక్కువగా చెడేది ఇక్కడే. నెల్లూరులో ధాన్యం ధర పుట్టిలో చెబుతారు, పుట్టి అంటే 850 కేజీలు. ఒంగోలు వైపు 75 కేజీల బస్తా లెక్క. ప్రభుత్వం మద్దతు ధర ప్రకటించేది క్వింటాకి. 2025-26కి సాధారణ రకం 2,369 రూపాయలు, గ్రేడ్-ఏ 2,389. గ్రేడ్-ఏని పుట్టిలోకి మారిస్తే 20,306 రూపాయల చిల్లర, 75 కేజీల బస్తాకి 1,791 చిల్లర. ఇప్పుడు కోవూరు మనిషి 'పుట్టి 16 వేలకే అడుగుతున్నారు, మీవైపు నయం' అంటాడు, అద్దంకి మనిషి 'మాకు బస్తా 1,400 కూడా గగనంగా ఉంది' అంటాడు. ఎవరి ప్రభుత్వం రైతుని ముంచిందని గంటసేపు తిట్టుకుంటారు. క్వింటాకి మార్చి చూడండి: మొదటిది 1,882, రెండోది 1,867. పదిహేను రూపాయల తేడాకి ఆ రచ్చంతా.

క్వింటాకి మార్చగానే పని అయిపోదు. ఇంకో నాలుగు ప్రశ్నలు అడక్కుండా ధర మీద మాట్లాడకూడదు. ఏ రకం? ఎన్‌ఎల్‌ఆర్ 34449కీ ఆర్‌ఎన్‌ఆర్ 15048కీ మార్కెట్లో ఒకే ధర పలకదు. తేమ ఎంత? మద్దతు ధరకి 17 శాతం హద్దు. కోత మిషన్ దిగిన వెంటనే పచ్చి వడ్లు అమ్మితే ఆ ధరని మద్దతు ధర పక్కన పెట్టడం కుదరదు. ఏ కారు, అంటే ఏ పంటకాలం? ఎడగారు ధరని పెద్ద కారు ధరతో కలిపేసి మాట్లాడతారు. అన్నిటికంటే ముఖ్యం, కాటా మీద పుట్టికి ఎన్ని కేజీలు తీశారు? తేమ, తాలు పేరు చెప్పి 920 కేజీలు తూచుకుంటే, 16 వేలు అన్నది నిజానికి క్వింటాకి 1,739 మాత్రమే. తరుగు గురించి అడిగితే రాజకీయం నోరు మూతపడి అసలు కష్టం బయటికొస్తుంది, రైతులు కూడా అప్పుడే మాట్లాడతారు.

పొగాకులో ఇంకో తికమక. టొబాకో బోర్డు వేలం కేంద్రాల్లో అమ్ముడయ్యేది వర్జీనియా పొగాకు. బర్లీ ఆ వేలంలోకి రాదు, కంపెనీలు, వ్యాపారులు నేరుగా కొంటారు. 2025లో బర్లీ ధర పడిపోయి ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. ఆ రోజుల్లో వేలం కేంద్రంలోని వర్జీనియా సగటు ధర ఫొటో తెచ్చి 'ధర బాగానే ఉందిగా' అన్నా, బర్లీ రైతు గోడు తెచ్చి 'బోర్డు ఏం చేస్తోంది' అన్నా రెండూ గురి తప్పిన మాటలే.

నీళ్ల దగ్గరికొస్తే సూత్రం ఒకటి గుర్తుంటే చాలు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఆపకుండా 24 గంటలు పారితే ఒక టీఎంసీ. నెల్లూరు జిల్లా సోమశిల జలాశయం సామర్థ్యం దాదాపు 78 టీఎంసీలు. పైనుంచి 50 వేల క్యూసెక్కులు వస్తున్నాయి, రెండు రోజుల్లో నిండిపోద్ది అని ఎవరన్నా పెడితే లెక్క వేయండి: రోజుకి 4.32 టీఎంసీలు. అప్పటికి 40 ఉంటే, కిందికి చుక్క వదలకపోయినా నిండడానికి దగ్గర దగ్గర తొమ్మిది రోజులు. వరద భయం పుట్టించే ఫార్వర్డ్‌లకి గానీ, 'నీళ్లన్నీ మద్రాసుకి తోలేశారు' అనే కోపానికి గానీ ముందు ఈ భాగహారం చేసి తర్వాత నోరు విప్పాలి. జలాశయాల రోజువారీ మట్టాలు రాష్ట్ర జలవనరుల శాఖ ఆన్‌లైన్లో పెడుతుంది. ఆ పేజీని తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. తేదీ కనపడని స్క్రీన్‌షాట్‌ని అడ్మిన్ తీసేయాలి, అది మన పార్టీవాడిదైనా సరే.

వెలిగొండ వాదనలో లెక్క కంటే మాట తీరే చెడగొడుతుంది. 'పూర్తయింది' అని ఒకడు, 'కాలేదు' అని ఇంకొకడు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది 1996లో. 2024 మార్చిలో జంట సొరంగాల్ని జాతికి అంకితం చేశారు. కానీ సొరంగం ఒక్కటే ప్రాజెక్టు కాదు. శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీలు తెచ్చి 4.47 లక్షల ఎకరాలకి ఇవ్వాలంటే ఫీడర్ కాలువ కావాలి, నల్లమల సాగర్ జలాశయం కావాలి, ముంపు ఊళ్లవాళ్లకి పునరావాసం ఇచ్చి ఖాళీ చేయించాలి, ఆ పైన పంట కాలువలు. ఈ పనుల్లో దేని గురించి మాట్లాడుతున్నారో చెప్పకుండా 'అయింది', 'కాలేదు' అంటే ఇద్దరూ గెలుస్తారు, అదే గొడవ. 'ఏ పని, ఎంతవరకు, ఏ తేదీకి' అని అడగండి. జవాబు రాకపోతే ఆ వాదన వదిలేయండి.

జిల్లా అంకెలతో ఇంకో ఉచ్చు ఉంది. 2022 ఏప్రిల్ 4న హద్దులు మారాయి. కందుకూరు నెల్లూరులోకి వచ్చింది, అద్దంకి, చీరాల, పర్చూరు బాపట్లకి పోయాయి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతిలో కలిశాయి. 2025 ఆఖరున మార్కాపురం వేరే జిల్లా అయింది. ప్రకాశంలో సాగు సగానికి పడిపోయిందనో, నెల్లూరులో పింఛన్లు కోశారనో 2021 అంకె పక్కన 2023 అంకె పెట్టి బాణం గుర్తు గీసిన బొమ్మలు వస్తుంటాయి. జిల్లాల అంకెలు పక్కన పెట్టి మండలాల అంకెలు అడగండి. అవి లేకపోతే ఆ బొమ్మని చెత్తబుట్టలో వేయండి.

ఫార్వర్డ్ గుర్తులు మాత్రం వాట్సాప్ బాగా చేసిన పని. మెసేజ్ పైన రెండు బాణాలు, 'చాలాసార్లు ఫార్వర్డ్ చేశారు' అని ఉంటే అది ఐదు చేతులు దాటి వచ్చిందని అర్థం. దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలరు. ఈ కట్టడి 2020 ఏప్రిల్‌లో వచ్చింది. మామూలు మెసేజ్‌కి ఐదు చాట్లు హద్దు. మనదేశంలో దాన్ని 2018లోనే మొదలుపెట్టారు. అయితే మాటని కాపీ చేసి మళ్లీ అతికిస్తే గుర్తు పోతుంది, ముదుర్లంతా అదే చేస్తారు. కాబట్టి బాణాలు లేవని నమ్మొద్దు. పత్రిక క్లిప్పింగ్ వస్తే ఆ రోజు ఈ-పేపర్లో మీ జిల్లా ఎడిషన్ తెరిచి అదే పేజీ చూడండి, రెండు నిమిషాల పని. జీవో అంటే నంబరు, శాఖ, తేదీ మూడూ ఉండాలి, నంబరు ముందు మామూలుగా ఎం.ఎస్. అనో ఆర్.టి. అనో ఉంటుంది. ఆ మూడూ లేని జీవో జీవో కాదు.

సగం మాట కోసి పంపడం అన్నిటికంటే ప్రమాదం. 2021 మేలో కృష్ణపట్నం ఆనందయ్య కొవిడ్ మందు విషయంలో 'ప్రభుత్వం అనుమతిచ్చింది' అన్నంతవరకే గ్రూపులు తిప్పాయి. కంటి చుక్కల మందుకి అనుమతి లేదన్నదీ, దీనితో కొవిడ్ నయమవుతుందని నివేదికలు చెప్పలేదన్నదీ, డాక్టరు రాసిన మందులు మానొద్దన్నదీ దారిలోనే రాలిపోయాయి.

పోల్ సదుపాయం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, 12 ఆప్షన్లు పెట్టొచ్చు. కానీ ఎవరు దేనికి ఓటేశారో పేర్లతో సహా అందరికీ కనపడుతుంది. సర్పంచి, ఎంపీటీసీ, చీటీల మామ అందరూ ఉన్న గ్రూపులో 'ఈసారి ఎవరికి?' అని పోల్ పెడితే వచ్చే ఫలితానికి విలువ లేదు. భయపడేవాళ్లు నొక్కరు, నొక్కేవాళ్ల సంగతి ముందే తెలుసు. చెరువు పూడిక ముందా, రోడ్డు ముందా అనే ప్రశ్నకైతే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అప్పుడు ఒకటి కంటే ఎక్కువ జవాబులు నొక్కే వీలు ఆపేయడం మరవొద్దు.

టెలిగ్రామ్ గెలిచేది ఇక్కడే. దాని పోల్‌లో పేర్లు దాచొచ్చు. ఫోన్ నంబరు కనపడకుండా పెట్టుకోవచ్చు, ఆడవాళ్లు రాజకీయం మాట్లాడాలంటే ఇది చిన్న విషయం కాదు. వాట్సాప్ గ్రూపులో ఒక మాట అన్నందుకు అర్ధరాత్రి తెలియని నంబర్ల నుంచి కాల్స్ వచ్చే బాధ ఇందులో తగ్గుతుంది. అడ్మిన్ అనుమతిస్తే కొత్తగా చేరినవాళ్లు పాత వాదనంతా చదువుకోవచ్చు. ఇక స్లో మోడ్ ఉంది: 10 సెకన్ల నుంచి గంట దాకా, ఒకసారి మాట్లాడినవాడు అంతసేపు ఆగాల్సిందే. ఎన్నికల రోజుల్లో 5 నిమిషాలు పెట్టి చూడండి, ఒకే మనిషి వరసగా ఇరవై మెసేజీలు గుప్పించడం ఆగిపోతుంది. ఇన్ని ఉన్నా మన ఊళ్లలో దాన్ని సినిమాల కోసమే వాడతారు. పెద్దవాళ్లని అందులోకి తేవడం కష్టం, వాళ్లు లేకుండా ఊరి వాదన జరగదు. వాట్సాప్‌కి ఇస్తున్న మార్కుల్లో ఒకటి ఈ కారణానికే.

వాట్సాప్‌లోనే ఉండాలనుకుంటే అడ్మిన్ చేయాల్సినవి ఇవి: కొత్తవాళ్లు చేరాలంటే తన అనుమతి ఉండేలా పెట్టాలి, రాత్రి పది తర్వాత 'అడ్మిన్లు మాత్రమే పంపగలరు' నొక్కి, పొద్దున తీయాలి, రెండు పార్టీల నుంచి ఒక్కో అడ్మిన్ ఉండాలి. అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా తీసేయగలడు, తీసింది ఎవరో గ్రూపుకి కనపడుతుంది. ఒకే పార్టీ అడ్మిన్ ఉంటే ఆ వారంలోనే ఇంకో గ్రూపు పుడుతుంది.

చట్టం సంగతి కూడా తెలియాలి. ఆన్‌లైన్లో అభ్యంతరకరంగా రాస్తే జైల్లో పెట్టే ఐటీ చట్టం 66-ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఇప్పటికీ ఆ సెక్షన్ పేరుతో బెదిరించే మెసేజీలు వస్తే భయపడక్కర్లేదు. కానీ వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 196, అలజడి రేపే పుకారు పుట్టిస్తే 353 వర్తిస్తాయి. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ దానంతటదే నేరస్థుడు కాడని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అడ్మిన్‌కి కూడా అదే ఉద్దేశం ఉందని తేలితే వేరే కథ. మాస్టార్లు, సచివాలయ ఉద్యోగులు మాత్రం జాగ్రత్త. 1964 నాటి ప్రవర్తనా నియమావళి వాళ్లని రాజకీయాల్లో వేలు పెట్టనివ్వదు, ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు ఒక్క ఫార్వర్డ్ చాలు మెమో రావడానికి.

ఇంక బయటికి పోదామనుకుంటే: ఇప్పుడు గ్రూపు వదిలితే అడ్మిన్లకి మాత్రమే కబురు వెళ్తుంది. కానీ వెళ్లినవాళ్ల జాబితాలో 60 రోజుల పాటు మీ పేరుంటుంది, ఎవరైనా చూడొచ్చు. పక్కింటి బావతో మాట రాకూడదనుకుంటే వదలకండి. 'ఎప్పటికీ' అని మ్యూట్ చేసి, ఆర్కైవ్‌లో పడేసి, ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగడం ఆపేయండి. గ్రూపు తెరిస్తే మాత్రం, బ్లూ టిక్‌లు మీరు ఆపేసుకున్నా మెసేజ్ ఎవరెవరు చదివారో పంపినవాడికి తెలుస్తుంది. 'చూసి కూడా ఉలకవేం' అని ఫోన్ వస్తుంది.