బ్లాస్టులు ఎంత శాతం? దేనిలో శాతం?

ఎండీఎస్ (మూలుగలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు) రోగి ఎముక మూలుగ రిపోర్టు రాగానే అందరి కళ్లూ వెతికేది బ్లాస్టుల శాతం కోసమే. పూర్తిగా ఎదగని ఈ కణాలు పెరిగేకొద్దీ జబ్బు లుకేమియా వైపు జరిగే ముప్పు ఎక్కువ. కానీ ఆ శాతం దేనిలో శాతమో అడిగేవారు అరుదు.

రెండు లెక్కలున్నాయి. కేంద్రకం ఉన్న కణాలన్నిటిలో బ్లాస్టులెన్ని అన్నది మొదటిది. ఎర్రకణాలుగా మారబోయే కణాలను పక్కనపెట్టి, మిగిలినవాటిలో ఎన్ని అన్నది రెండోది.

మైక్రోస్కోపు కింద 500 కణాలు లెక్కపెట్టారనుకుందాం. 300 ఎర్రకణాల వంశానివి, 22 బ్లాస్టులు. మొదటి లెక్కలో 4.4 శాతం. రెండో లెక్కలో 200లో 22, అంటే 11 శాతం. ఎండీఎస్ ముప్పును పాయింట్లలో అంచనా వేసే, 2012లో వచ్చిన ఐపీఎస్ఎస్-ఆర్ పట్టికలో మొదటి అంకెకు 1 పాయింటు, రెండోదానికి 3; పాయింట్లు ఎక్కువైతే ముప్పూ ఎక్కువే. మనిషి ఒకడే, స్లైడూ ఒకటే!

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ మొదటి లెక్కకే మొగ్గింది. దాంతో అంతకుముందు రెండో లెక్క ప్రకారం ఎరిత్రోల్యుకేమియా (ఎర్రకణాల వంశం ఎక్కువగా ఉండే లుకేమియా) అనిపించుకున్న కేసుల్లో చాలావరకు కాగితం మీద ఎండీఎస్‌గా మారాయి. అదే ఏడాది స్పెయిన్ పరిశోధకులు మాత్రం ఎర్రకణాలను మినహాయించిన లెక్కే రోగి భవిష్యత్తును మెరుగ్గా చెబుతోందన్నారు.

ఫ్లో సైటోమెట్రీ (కణాల మీది గుర్తులను లేజర్ కాంతితో పట్టే యంత్ర పరీక్ష) ఇచ్చే శాతాన్ని వీటికి బదులుగా తీసుకోవడం నాకు నచ్చదు. మూలుగలో రక్తం కలిస్తే ఆ అంకె పలచబడుతుంది. పైగా ఆ పరీక్ష బ్లాస్టులను పట్టడానికి వాడే సీడీ34 అనే ప్రొటీన్ గుర్తు అన్ని బ్లాస్టుల మీదా ఉండదు. బ్లాస్టులు ఏ రకానివో తేల్చడానికి అది మేటి, ఎన్నో చెప్పడానికి కాదు.

ఏది మేలు? జబ్బు పేరు పెట్టడానికి, పట్టికలో పాయింట్లు వేయడానికి మొదటిదే. ప్రపంచమంతా ఒకే కొలత వాడకపోతే పోల్చడమే కుదరదు. ఎర్రకణాల వంశం సగం దాటిన రోగికి మాత్రం రెండోది కూడా చూడాలంటాను. 4.4 చూసి నిశ్చింతగా ఆరు నెలల తర్వాత రమ్మనే ముందు 11 కూడా కంటబడాలి. క్రోమోజోములు, జన్యుమార్పుల ఫలితాలు ఎలాగూ పక్కనే ఉంటాయి.

ల్యాబు వారు చేయాల్సిందీ పెద్దపనేం కాదు. లెక్కపెట్టినవి 500, ఎర్రకణాల వంశం 300, బ్లాస్టులు 22 అని మూడు అంకెలూ రాసిస్తే, భాగహారం ఎవరైనా చేసుకుంటారు.