పడవ మీదే చేరుకోగల ఊరు: లివింగ్‌స్టన్

గ్వాటెమాలాలో రియో దుల్సే నది కరీబియన్ సముద్రంలో కలిసే చోట ఉన్న లివింగ్‌స్టన్‌కు రోడ్డు లేదు. రాజధాని నుంచి దాదాపు 300 కిలోమీటర్లు బస్సులో వెళ్లి ప్వెర్తో బారియోస్ రేవులో పడవ ఎక్కవచ్చు. లేదా రియో దుల్సే వంతెన దగ్గర దిగి నది మీదుగా రావచ్చు. నేను సముద్రం వైపు నుంచి వెళ్లి, నది మీదుగా తిరిగి వచ్చాను.

బారియోస్‌లో పడవను ‘లాంచా’ అంటారు. గోదావరి లాంచీలు ఎరిగిన చెవికి ఆ మాట కొత్తగా తోచలేదు. జనం నిండితేగాని అది కదలదు కాబట్టి గంటకు పైగా రేవులోనే కూర్చున్నాం. సముద్రం మీద ప్రయాణం అరగంటకు కాస్త అటూ ఇటూగా సాగినా, ముందు బల్ల మీద కూర్చున్నందుకు ప్రతి కెరటం దెబ్బా నడుముకు తెలిసింది, సంచిలోని బట్టలన్నీ తడిశాయి.

ఇప్పుడు ఇంత మారుమూలగా కనిపించే ఈ ఊరే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దేశానికి ముఖ్యమైన రేవు. ఆల్తా వెరాపాస్ కొండల్లో జర్మన్ తోటల యజమానులు పండించిన కాఫీ పోలోచిక్ నది, ఇసబాల్ సరస్సుల మీదుగా ఆవిరి పడవల్లో ఇక్కడికి వచ్చి ఓడలకెక్కేది. బారియోస్ నుంచి రాజధానికి రైలు మార్గం 1908లో పూర్తయ్యాక సరుకంతా అటే మళ్లింది. ఇప్పటి జీవనం చేపల వేట, పర్యాటకులు, అమెరికాకు వెళ్లినవారు పంపే డబ్బు మీద నడుస్తోంది. బ్రిటిష్‌వారు 1797లో సెయింట్ విన్సెంట్ దీవి నుంచి హోండురాస్ తీరంలోని రోఅతాన్ దీవికి తరలించిన గారిఫునాల (ఆఫ్రికన్లు, కరీబియన్ ఆదివాసులు కలిసి ఏర్పడిన జాతి) సంతతి ఈ ఊరికి ప్రాణం.

వారి ‘తపాదో’ తినకుండా రావద్దు. కొబ్బరిపాల పులుసులో ముక్కలు చేయకుండా వేసిన చేప, పెంకుతోనే ఉన్న పీత, పచ్చి అరటికాయ ముక్కలు ఉంటాయి. పీతను చేత్తో విరవాల్సిందే కనుక మంచి చొక్కా వేసుకోకపోవడం మేలు. ధర తక్కువేమీ కాదు, గిన్నె మాత్రం ఇద్దరికి సరిపోతుంది.

మొదటి రాత్రి రేవు పక్క హోటల్లో గడిపాను; గది శుభ్రంగానే ఉన్నా వీధిలోని పాటల హోరుకు నిద్ర పట్టలేదు. రెండో రాత్రి నది ఒడ్డున దోమతెర కట్టిన చెక్కగదిలో ఫ్యాన్ తప్ప ఏమీ లేకపోయినా హాయిగా పడుకున్నాను. సియెతె అల్తారెస్ జలపాతాలు ఎండాకాలంలో సన్నగిల్లుతాయి; వానలు పడ్డాకే వెళ్లడం మంచిది.

తిరుగు ప్రయాణంలో నది రెండు వైపులా చెట్లు కప్పిన సున్నపురాయి గోడల మధ్య నుంచి సాగినప్పుడు పాపికొండలు గుర్తుకొచ్చాయి. ఆ దారి దాదాపు రెండు గంటలు పడుతుంది, నడుముకు నొప్పి ఉండదు. మళ్లీ వెళితే రాకపోకలు రెండూ నది మీదే పెట్టుకుంటాను.