గిఫ్ట్ అన్న మాట పట్టుకుని గ్రిమ్ నిఘంటువులోకి

నిఘంటువు లోతెంతో తేల్చుకోవాలంటే అందరికీ తెలుసనుకునే మాటనే అందులో వెతకాలి. జానపద కథల సేకరణకు పేరొందిన గ్రిమ్ సోదరులు యాకోబ్, విల్‌హెల్మ్ ప్రారంభించిన జర్మన్ మహానిఘంటువును ట్రియర్ విశ్వవిద్యాలయం వారు అంతర్జాలంలో ఉచితంగా అందుబాటులో ఉంచారు. అందులో నేను వెతికిన మాట 'గిఫ్ట్'.

ఇంగ్లీషులో కానుక అయిన ఈ మాట జర్మన్‌లో విషం. స్వీడిష్‌లో విషాన్నీ, పెళ్లయిన స్థితినీ ఈ ఒక్క మాటే చెబుతుంది. డచ్ మాత్రం విరాళానికి 'గిఫ్ట్' ఉంచుకుని, విషాన్ని 'గిఫ్' అని వేరుచేసింది. వీటన్నిటికీ మూలం 'ఇచ్చు' అనే అర్థమున్న ప్రాచీన జర్మానిక్ ధాతువే. జర్మన్‌లో పాత అర్థం పూర్తిగా పోలేదు. వధువు వెంట ఇచ్చే కట్నాన్ని నేటికీ 'మిట్‌గిఫ్ట్' అంటారు. మాండలికాల్లో పుంలింగంగా వాడితే అదే మాటకు కోపమని అర్థం.

ఇవ్వడం విషంగా ఎలా మారిందన్నదే అసలు కథ. గ్రీకులో 'దోసిస్' అంటే ఇవ్వడం. వైద్యుల వాడుకలో అది ఒక పూటకు ఇచ్చే మందు మోతాదు అయింది. లాటిన్ గుండా వచ్చిన ఆ అర్థాన్ని జర్మన్లు తమ సొంత మాటకు తగిలించారు, ఇచ్చే మందు ప్రాణం తీసేది కూడా కావచ్చు గనుక చివరికి ఆ చెడు అర్థమే నిలిచింది. 'మందు పెట్టారు', 'పురుగుమందు తాగాడు' అనే మనకు ఈ మలుపు వింతగా తోచదు.

మాట అర్థం మారిన తీరును పాత రచనల వాక్యాలతో చూపడంలో ఈ నిఘంటువుకు సాటి రాగలది నాకు కనబడలేదు. అయితే చదవడం సులువు కాదు. జర్మన్ సంప్రదాయానికి విరుద్ధంగా నామవాచకాలన్నీ చిన్న అక్షరంతో మొదలవుతాయి, అర్థాలు తరచు లాటిన్‌లో ఉంటాయి. 1838లో మొదలైన పని 1961లో గాని ముగియలేదు కాబట్టి తరానికొక ధోరణి కూడా కనిపిస్తుంది. విల్‌హెల్మ్ 1859లో, 'ఫ్రుఖ్ట్' అనే మాట దగ్గర పని ఆగిపోగా యాకోబ్ 1863లో మరణించారు; అంటే అక్షరక్రమంలో దాని తర్వాత వచ్చే, నేను చదివిన 'గిఫ్ట్' వివరణ ఆ సోదరులది కాదు, వారి వారసులది.

క్లుప్తంగా వ్యుత్పత్తి చాలనుకునేవారికి బెర్లిన్ అకాడమీ వారి డీడబ్ల్యూడీఎస్ అనే అంతర్జాల నిఘంటువులో ఉచితంగా దొరికే ఫైఫర్ వ్యుత్పత్తి నిఘంటువు మేలు. ఇంగ్లీషు చరిత్రకైతే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువును పక్కన తెరిచి ఉంచుకోక తప్పదు: ప్రాచీన ఇంగ్లీషులో ఈ మాట కన్యాశుల్కం, దాని తొలి అక్షరం పలికింది 'య'కారంగా, నేటి 'గ'కారాన్నీ, కానుక అనే అర్థాన్నీ ఇచ్చినది ఓడలెక్కి వచ్చిన వైకింగుల నార్స్ భాష.