మా పెద్దమ్మాయి పెళ్లి ఫొటోలు తీసిన టీమ్ గురించి

2024 ఫిబ్రవరిలో భీమవరంలో మా పెద్దమ్మాయి పెళ్లి చేశాం. ఫొటోలు, వీడియో విజయవాడ నుంచి వచ్చిన కుర్రాళ్లకి ఇచ్చాం. నలుగురు మనుషులు, రెండు రోజులు, 1,85,000 రూపాయలు. ఆల్బమ్ చేతికొచ్చాక అన్నీ నింపాదిగా చూసి రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. వాళ్ల పేరు మాత్రం రాయడం లేదు. మెచ్చుకోవాల్సింది చాలా ఉంది, కానీ మనసు కష్టపడిన సంగతి కూడా ఒకటి చెప్పాలి. వాళ్లు ఇంకా ఎదగాల్సిన పిల్లలు.

ముందు పనితనం చెప్తాను. ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 12 నిమిషాలకి. జీలకర్ర బెల్లం పెట్టి అడ్డుతెర తీయగానే మా అమ్మాయి కళ్లెత్తి అబ్బాయిని చూసిన ఆ చూపు వాళ్ల ఫొటోలో ఉంది. ఫ్లాష్ లేదు, "ఇటు చూడమ్మా" అన్న మాట లేదు. అప్పగింతల్లో పాలలో ముంచిన పిల్ల చేతులు వియ్యపురాలి చేతుల మీద పెట్టినప్పుడు ఆవిడ గాజుల మీంచి జారిన పాలచుక్క కూడా కనిపిస్తుంది. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది.

1992లో మా పెళ్లికి ఇలాంటిది ఒక్కటీ లేదు. అప్పటి ఫొటోగ్రాఫరు మావారిని "మూడో ముడి దగ్గర అలాగే ఉండండి సార్" అని ఆపేశాడు. ఫొటోలో ఆయన చేతులు సూత్రం మీద, చూపు కెమెరా మీద. ఆ రోజుల్లో ఎవరి ఆల్బమ్ తీసినా అంతే. అతన్ని తప్పుపట్టను. రీలుకి 36 ఫొటోలు, మాకు మాట్లాడింది 5 రీళ్లు. నొక్కిన ప్రతిసారీ ఖర్చే, వచ్చిందో లేదో కడిగించేదాకా తెలియదు. అందుకే మనుషుల్ని ఆపి, నిలబెట్టి తీసేవాళ్లు. 1964లో మా అమ్మ పెళ్లికైతే ఒక్కటే రీలు, 12 చదరపు ఫొటోలు. ఒక్కో ఫొటోకి ఒక్కో ఫ్లాష్ బల్బు కాలిపోయేదట. ఆ పన్నెండులో ఒకటి అరుగు మీద తీసిన గ్రూప్ ఫొటో. 31 మంది ఉన్నారు, ప్రతి మొహం ఇప్పటికీ స్పష్టంగా ఉంది. నా పెళ్లి కలర్ ఫొటోలు మాత్రం ఎర్రబడిపోయి, అప్పట్లో వచ్చిన జిగురు పేజీల ఆల్బమ్‌కి అతుక్కుపోయాయి.

ఇక బాధ సంగతి. మా అమ్మకి అన్నయ్య, మా పెద్దమామయ్య, 84 ఏళ్ల వయసులో అమలాపురం నుంచి కారులో వచ్చాడు. రాత్రంతా మండపం ముందు వరసలోనే కూర్చున్నాడు. అక్టోబరులో పోయాడు. పెద్దకర్మకి పటం కట్టించడానికి మంచి ఫొటో కోసం పిల్లలు అడిగితే, వీళ్లిచ్చిన 4,312 ఫొటోలూ వెతికాను. ఒకదాంట్లో భుజం, చేతికర్ర. మిగతావాటిలో పెళ్లికూతురి వెనక తెల్లటి మసక. ఆ మసకే మామయ్య.

ఫోన్ చేసి అడిగితే ఆ అబ్బాయి దాచకుండా చెప్పాడు. "ఆంటీ, క్యాండిడ్‌కి, అంటే ఎవర్నీ ఆపకుండా సహజంగా తీసే ఫొటోలకి, మేం ఎఫ్ 1.4 లెన్స్ వాడతాం. వెనకవాళ్లు బ్లర్ అవుతారు, అందుకే అమ్మాయి అంత అందంగా వస్తుంది" అన్నాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఈ పద్ధతిలో ఇద్దరు తప్ప మిగతా అందరూ మసకే. నేను లెక్కల టీచర్‌గా రిటైరయ్యాను, కూర్చుని లెక్కపెట్టాను. 4,312లో 2,900 పైచిలుకు పెళ్లికూతురూ పెళ్లికొడుకువే. రెండు వైపుల పెద్దలందరూ కలిసి ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. స్టేజీ మీద వరసగా నిలబెట్టి తీసేవి పాతకాలం పద్ధతి అని మా పిల్లలే వద్దన్నారు, ఆ పాపం ఫొటోలవాళ్లొక్కరిదే కాదు. కానీ పెళ్లిళ్లే వృత్తిగా చేసేవాళ్లు "పెద్దవాళ్లతో ఒకటైనా తీయిద్దాం ఆంటీ" అని ఒక మాట అనాల్సింది.

ఆ తర్వాత వాళ్లు చేసిన పనికి మాత్రం చేతులెత్తి దండం పెట్టాలి. స్టాండు మీద కదలకుండా పెట్టిన వీడియో కెమెరా ఒకటుంది. దాని రికార్డింగ్ అంతా వెతికి, మామయ్య అక్షింతలు వేయడానికి వచ్చిన చోట ఒక ఫ్రేమ్ బయటికి తీసి పంపారు. పైసా తీసుకోలేదు. 4కే వీడియోలో ఒక్కో ఫ్రేమ్ దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, 8×10 సైజుకి బాగానే వచ్చింది. 1998 నాటి మా చెల్లి పెళ్లి క్యాసెట్ నుంచి నాన్న ఫొటో ఇలాగే తీయించబోతే కళ్లజోడు తప్ప ఏమీ తెలియలేదు. ఆ క్యాసెట్‌లో నాన్న గొంతు కూడా లేదు. కన్యాదానం మంత్రాల మీద సినిమా పాట వేసేశారు.

అందుకే వీడియో మాట్లాడుకునేటప్పుడు నేను ఒకటి గట్టిగా అడిగాను, వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. పాటతో చేసిన నాలుగు నిమిషాల టీజర్ కాకుండా, ఏ పాటా కలపని మూడు గంటల రికార్డింగ్ హార్డ్‌డిస్క్‌లో ఇచ్చారు. మా అమ్మ "పిల్లకి కాస్త మజ్జిగ ఇవ్వండే" అన్న మాట అందులో ఉంది. మీరూ తప్పకుండా అడగండి.

డ్రోన్ మేమే వద్దన్నాం. కావాలనుకునేవాళ్లు ఎగరేసే మనిషికి పైలట్ సర్టిఫికెట్ ఉందో లేదో చూసుకోండి. ఆల్బమ్ నాణ్యత బాగుంది, కానీ రావడానికి ఏడు నెలలు పట్టింది. మేం ఫొటోలు ఎంచడానికే మూడు నెలలు తీసుకున్నాం కాబట్టి అందులో దాదాపు సగం ఆలస్యం మాదే.

చిన్నమ్మాయి పెళ్లికి మళ్లీ వాళ్లకే అడ్వాన్సు ఇచ్చాం. ఈసారి గ్రూపులు తీయడానికే వేరే లెన్స్‌తో ఒక మనిషిని పెడతామన్నారు. అల్పాహారం అయ్యాక, తలనొప్పులు మొదలవకముందే, అరగంట దానికే కేటాయించాం. ఎవరెవరు ఉండాలో 46 పేర్లు కాగితం మీద రాసిచ్చాను. మొదటి పేరు మా అమ్మది. పక్కన "కుర్చీ వేయాలి" అని రాశాను.